కండ తీశాకే కొలత.. ఆ తర్వాతే లెన్స్

తబూక్: నెల రోజుల చుట్టీలో ఇంటి పని, పెళ్లి పని, కంటి పని అన్నీ ముగించుకుని రావాలనుకోవడం గల్ఫ్‌లో మనవాళ్లకు అలవాటు. శుక్లం ఆపరేషన్ ఒక్కటే అయితే అది సాధ్యమే. అదే కంట్లో నల్లగుడ్డు మీదికి కండ కూడా పాకి ఉంటే మాత్రం ఆ లెక్క కుదరదు. తొందరపడితే లెన్స్ పవర్ తప్పే ప్రమాదం ఉంది.

సముద్ర మట్టానికి 750 మీటర్లకు పైగా ఎత్తున్న తబూక్‌లో ఎండ, ఇసుక గాలి రెండూ ఎక్కువే. పొలాల్లో, నియోమ్ వంటి నిర్మాణ పనుల్లో ఏళ్ల తరబడి బయట గడిపేవారికి తెల్లగుడ్డు పొర మందమై, ఎక్కువగా ముక్కు వైపు నుంచి, ముక్కోణంలా నల్లగుడ్డు మీదికి పెరుగుతుంది. డాక్టర్లు దీన్ని టెరిజియం అంటారు. ఇక్కడి రిపోర్టుల్లో అరబ్బీలో ‘జఫరా’ అని కనిపిస్తుంది. శుక్లాన్ని ‘తెల్లనీరు’ అనే అర్థమిచ్చే మాటతో పిలుస్తారు. ‘నీలినీరు’ అన్నారంటే అది నీటికాసులు. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకోవద్దు.

కండతో ఎరుపు, మంట ఒక్కటే సమస్య కాదు. అది కార్నియాను పట్టి లాగి, అడ్డంగా చదును చేస్తుంది. శుక్లం తీశాక పెట్టే లెన్స్ పవర్‌ను కంటి పొడవు, కార్నియా వంపు చూసి లెక్కగడతారు. కండ ఉండగా కొలిస్తే వంపు తక్కువగా కనిపిస్తుంది, లెన్స్ ఎక్కువ పవర్‌తో వస్తుంది. తర్వాత కండ తీసేస్తే కార్నియా మళ్లీ వంపు తిరుగుతుంది. లెన్స్ మాత్రం పాత లెక్కలోనే ఉండిపోతుంది.

ఉదాహరణకు కండ ఉండగా వంపు 42 డయాప్టర్లు, తీశాక 44 అనుకుందాం. చాలాకాలం వాడిన ఎస్‌ఆర్‌కే సూత్రం ప్రకారం వంపులో 1 డయాప్టర్ తేడాకు లెన్స్‌లో 0.9 తేడా. అంటే 1.8 డయాప్టర్లు ఎక్కువ పవరున్న లెన్స్ కంట్లో కూర్చుంటుంది. కళ్లజోడు లెక్కలో సుమారు మైనస్ 1.25. ఫోన్ చదవడానికి ఇబ్బంది ఉండదు కానీ, ట్రైలర్ నడిపేవారికి దూరంగా ఉన్న బోర్డు మసకగా కనిపిస్తుంది. ఇప్పటి సూత్రాలు ఇంకా మెరుగైనవే. అయినా కొలతే తప్పయితే ఏ సూత్రమైనా ఏం చేస్తుంది?

కళ్లజోడు పెట్టుకుంటే సరిపోతుంది కదా అనొచ్చు. అద్దాల గొడవ వద్దనే ఎక్కువ డబ్బు పెట్టి టోరిక్, మల్టీఫోకల్ లెన్సులు వేయించుకునేవారికి ఆ మాట చెప్పి చూడండి! కండ తీస్తే సిలిండర్ పవర్ కూడా మారుతుంది. పాత కొలతతో టోరిక్ లెన్స్ వేయడం అందరికన్నా వీరికే ఎక్కువ నష్టం.

కాబట్టి ముందు కండ. ఉత్తినే కోసి వదిలేస్తే తిరిగి పెరిగే అవకాశం ఎక్కువ. అందుకే సాధారణంగా అదే కంటి నుంచి పల్చటి పొర ముక్క తీసి, జిగురుతోనో కుట్లతోనో అక్కడ అతికిస్తారు. తర్వాత కనీసం నెల, కండ పెద్దదైతే మూడు నెలల వరకూ ఆగి కొలుస్తారు. రెండుసార్లు కొలిచినా అంకెలు ఒకేలా వస్తే కార్నియా కుదురుకున్నట్టే. ఒక చుట్టీలో కండ, మరో చుట్టీలో శుక్లం అనుకోవడం మేలు. కంపెనీ ఇన్సూరెన్స్ ఒప్పుకుంటే కండ ఇక్కడే తీయించుకుని, శుక్లం ఆపరేషన్‌ను ఊరి ప్రయాణానికి ఉంచుకోవచ్చు.

అందరికీ ఇదే దారి కాదు. కండ మిల్లీమీటరు మేర అంచులోనే ఉండి కదలకపోతే దాన్ని వదిలేసి శుక్లం ఒక్కటే చేసే డాక్టర్లున్నారు. శుక్లం బాగా ముదిరి ఆగలేని పరిస్థితి అయితే రెండూ కలిపే చేయవచ్చు. అప్పుడు అద్దాలు తప్పకపోవచ్చని ముందే తెలుసుకుని ఒప్పుకోవాలి.

కండ తీశాక స్టెరాయిడ్ చుక్కలు కొన్ని వారాలు వేయాలి. మధ్యలో కంటి ప్రెషర్ చూపించుకోవాలి, డ్యూటీలో చేరామని మానేయకూడదు. పక్కల నుంచి కూడా వెలుతురు రాకుండా మూసి ఉండే యూవీ కళ్లద్దాలు కొనుక్కోండి. చలికాలంలో చాలామంది అద్దాలు పక్కన పెట్టేస్తారు, కానీ అతినీలలోహిత కిరణాలకు చలితో సంబంధం లేదు. కండ తీయకముందు, తీశాక వచ్చిన కార్నియా కొలతల కాగితాలు రెండూ ఇఖామాతో పాటు భద్రంగా ఉంచుకోండి. ఊళ్లో డాక్టర్ మొదట అడిగేవి అవే.