ముఖం ఒకవైపే ఈడుస్తుంటే ఆపరేషన్ చేయించుకోవాలా?

హెమీఫేషియల్ స్పాజమ్ అనే జబ్బు సాధారణంగా కంటి దగ్గర మొదలవుతుంది. ముందు కింది రెప్ప సన్నగా అదురుతుంది. నెలలు, ఏళ్లు గడిచేకొద్దీ ఆ అదురు చెంపకి, పెదవి అంచుకి, కొందరిలో మెడ మీది పల్చటి కండరం దాకా పాకుతుంది. దాదాపు అందరిలోనూ ఒకవైపే ఉంటుంది. ఈడ్పు వచ్చినప్పుడు ఆ వైపు కన్ను మూసుకుపోతుంది, మూతి పక్కకి లాగుతుంది. కాసేపు వదిలి మళ్లీ పట్టుకుంటుంది. నిద్రలోనూ పూర్తిగా ఆగకపోవచ్చు. అలసినా, కంగారుపడినా, నలుగురిలో మాట్లాడాల్సి వచ్చినా ఎక్కువవుతుంది. లక్ష మందిలో సుమారు 10 మందికి ఉంటుందని అంచనా. ఆడవారిలో ఎక్కువ, నడివయసులో మొదలయ్యేది ఎక్కువ.

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని రామతీర్థం కావచ్చు, తెలుగునాట మరో ఊరు కావచ్చు, కన్నదిరితే ముందు చూసుకునేది శకునం. ఆడవారికి ఎడమకన్ను, మగవారికి కుడికన్ను అదిరితే మంచిదంటారు. నిద్ర చాలకో, కాఫీ ఎక్కువయ్యో వచ్చి నాలుగు రోజుల్లో తగ్గిపోయే అదురుకి ఆ నమ్మకం వల్ల నష్టమేమీ లేదు. ఒకే కన్ను నెలల తరబడి అదురుతూ చెంపకి కూడా పాకితే మాత్రం నరాల డాక్టరుకి చూపించాల్సిందే. మూతి లాగడం చూసి ఇంట్లోవాళ్లు పక్షవాతమని హడలిపోతారు. పక్షవాతంలో కండరం బలం పోయి జారిపోతుంది. ఇందులో కండరం అక్కర్లేకుండానే బిగుసుకుంటుంది. ఇది ముదిరి పక్షవాతంగా మారదు.

ముఖకండరాలను కదిలించేది ఏడో కపాలనాడి. అది మెదడు కాండం నుంచి బయటికి వచ్చే చోట ఏదో ఒక రక్తనాళం ఆనుకుని, గుండె కొట్టుకున్నప్పుడల్లా దాన్ని తాకుతూ ఉంటుంది. అక్కడ నరం పైపొర పల్చగా ఉంటుంది. అది అరిగిపోతే, తొడుగు పోయిన కరెంటు తీగలు ఒకదానికొకటి తగిలినట్టు సంకేతాలు దారితప్పుతాయి. కన్ను మూయమని వచ్చిన ఆదేశం మూతినీ లాగుతుంది. రక్తనాళం ఈ నరాన్ని నొక్కడాన్ని 1875లోనే ష్యుల్ట్‌జె అనే వైద్యుడు ఒక రోగి శవపరీక్షలో గమనించాడు. ఆ రక్తనాళాన్ని పక్కకి జరిపి జబ్బు తగ్గించవచ్చని 1960లలో అమెరికా సర్జన్ పీటర్ జన్నెట్టా చేసి చూపించాడు. ఇప్పటికీ పద్ధతి అదే.

ఆపరేషన్ మాట ఎత్తడానికి ముందు జబ్బు ఇదేనని తేలాలి. రెండు కళ్లూ ఒకేసారి మూసుకుపోతుంటే అది వేరే జబ్బు. గతంలో మూతి వంకరపోయి తగ్గినవారిలో నరం అతుకు తప్పి వచ్చే కదలికలూ వేరు. డాక్టరు గమనించే గుర్తు ఒకటుంది. మామూలుగా కన్ను గట్టిగా మూస్తే కనుబొమ కిందికి దిగుతుంది. ఈ జబ్బులో ఈడ్పు పట్టినప్పుడు కన్ను మూసుకుంటుండగానే ఆ వైపు కనుబొమ పైకి లేస్తుంది. కావాలని ఎవరూ అలా చేయలేరు. ఆ తర్వాత ఎమ్మారై తీయిస్తారు. నరాన్ని నొక్కుతున్న గడ్డలాంటిదేదైనా ఉందేమో, ఏ రక్తనాళం ఎక్కడ తగులుతోందో అందులో చూస్తారు. ఏ జబ్బూ లేనివారి స్కానుల్లోనూ నరానికి రక్తనాళం ఆనుకుని కనిపించడం ఉంది. కాబట్టి ఒక్క ఫిల్ము చూసి ఆపరేషన్‌కి తొందరపెట్టేవారి మాట వెంటనే ఒప్పుకోనక్కర్లేదు.

ఈ జబ్బు ప్రాణం తీయదు. తనంతట తాను పూర్తిగా పోవడమూ అరుదే. ఆపరేషన్ ఈ నెలలోనే చేయించుకోవాలన్న ఒత్తిడి వైద్యపరంగా ఉండదు. తేలిగ్గా అదురుతూ పనికి అడ్డు రాకపోతే చూస్తూ ఊరుకోవడమూ సరైన నిర్ణయమే. కార్బమజపీన్, క్లోనజపామ్ వంటి మాత్రలు కొద్దిమందికి కొంత పనిచేస్తాయి. మత్తు, తల తూలడం వల్ల చాలామంది మానేస్తారు.

ఎక్కువమందికి గట్టి ఊరటనిచ్చేది బోటాక్స్ ఇంజక్షన్. అమెరికాలో 1989లోనే కంటి కండరాల జబ్బులకు దానికి అనుమతి వచ్చింది. సన్నటి సూదితో కన్ను చుట్టూ, అవసరమైతే చెంపలో, చర్మం కిందే చుక్కచుక్కగా ఎక్కిస్తారు. వారం లోపు పని మొదలవుతుంది, మూడు నాలుగు నెలలు ఉంటుంది. రెప్ప వాలడం, కన్ను పూర్తిగా మూతపడక పొడిబారడం, మూతి కొద్దిగా వంకరగా కనిపించడం జరగొచ్చు. అవీ మందుతోపాటే తగ్గిపోతాయి. అసలు ఇబ్బంది మళ్లీ మళ్లీ చేయించుకోవాల్సి రావడం. నగరంలో ఉన్నవారికి అది ఒక పూట పని. రామతీర్థం నుంచి విజయనగరం, అక్కడి నుంచి విశాఖపట్నం వెళ్లి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చినవారి కూలీ పోతుంది, మందు ఖర్చు అదనం. ఏడాదికి మూడు నాలుగుసార్లు, ఏళ్ల తరబడి. ఈ లెక్క వైద్య పుస్తకాల్లో పెద్దగా కనిపించదు గానీ, ఆపరేషన్ వైపు మొగ్గడానికి దూరం కూడా న్యాయమైన కారణమే.

ఆపరేషన్‌లో చెవి వెనక పుర్రెలో రూపాయి బిళ్లంత రంధ్రం చేస్తారు. పూర్తి మత్తులో మైక్రోస్కోపు కింద చిన్నమెదడును మెల్లగా పక్కకి ఒత్తిపట్టి, నరాన్ని ఆనుకున్న రక్తనాళాన్ని విడదీసి, రెండింటి మధ్య టెఫ్లాన్ దూది పెడతారు. నరాన్ని కోయరు. అనుభవమున్న చోట 10 మందిలో 8, 9 మందికి ఈడ్పు పోతుంది. కొద్దిమందిలో తర్వాతెప్పుడో తిరిగి వస్తుంది.

భయపడాల్సింది వినికిడి గురించి. ముఖనరం పక్కనే, దాన్ని అంటుకున్నట్టుగా, వినికిడి నరం ఉంటుంది. నూటికి ఇద్దరు ముగ్గురికి ఆ వైపు చెవి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. దాన్ని తప్పించడానికే ఆపరేషన్ సాగుతున్నంతసేపూ చెవిలో శబ్దం వినిపిస్తూ నరం స్పందనను యంత్రంలో కొలుస్తారు. ఆ యంత్రం ఉందో లేదో ముందే అడగాలి. రెండో చెవి బాగున్నవారు ఈ ప్రమాదానికి సిద్ధపడొచ్చు. నెల్లిమర్ల జూట్ మిల్లు లాంటి చోట మగ్గాల మోతలో ఏళ్ల తరబడి పనిచేసి రెండు చెవులూ మందగించినవారు రెండుసార్లు ఆలోచించాలి. వినికిడి పరీక్ష లేకుండా ఎవరూ ఒప్పుకోకూడదు. మెదడు చుట్టూ ఉండే నీరు కారడం, ముఖం కొన్ని వారాలు బలహీనపడడం కూడా ఉంటాయి, చాలావరకు సర్దుకుంటాయి. పక్షవాతం, ప్రాణాపాయం చాలా అరుదు, కానీ లేవని చెప్పలేం.

నలభై ఏళ్ల ఆరోగ్యవంతురాలికి ముందు ముప్పై ఏళ్ల ఇంజక్షన్లున్నాయి, ఆమెకు ఆపరేషన్ మేలైన బేరం. డెబ్బై దాటి, గుండెజబ్బుతో రక్తం పలచబడే మందులు వాడుతున్నవారికి బోటాక్సే నయం. జబ్బు ఏదో తేల్చుకోవడం నెల్లిమర్లలోని మిమ్స్ ఆసుపత్రిలోనో, 2023లో వైద్య కళాశాల మొదలైన విజయనగరం ప్రభుత్వాసుపత్రిలోనో మొదలుపెట్టవచ్చు. ఆపరేషన్ మాత్రం విశాఖలోనైనా, హైదరాబాదులోనైనా ఇదే పనిలో చేయి తిరిగిన సర్జను దగ్గర చేయించుకోవాలి. మెదడు ఆపరేషన్లు ఎన్ని చేశారని కాదు, ఈ ఆపరేషన్ ఎన్ని చేశారు, ఎంతమందికి చెవి పోయింది అని అడగాలి. మొహమాటపడక్కర్లేదు. ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కింద ఎంత ఖర్చు వస్తుందో ఆసుపత్రిలో చేరకముందే అక్కడి పథకం సిబ్బందిని అడిగి కనుక్కోవాలి.

మత్తు దిగిన మరుసటి ఉదయం ఈడ్పు ఇంకా ఉంటే ఆపరేషన్ విఫలమైందని కుంగిపోనక్కర్లేదు. ఏళ్ల తరబడి రాపిడి తిన్న నరం కుదుటపడడానికి కొందరిలో వారాలు, కొందరిలో నెలలు పడుతుంది. అందుకే మళ్లీ తెరిచి చూడాలా అన్న నిర్ణయాన్ని సర్జన్లు సాధారణంగా ఏడాది దాకా వాయిదా వేస్తారు.