ఆగినప్పుడు ఉన్న సందు, కదిలినప్పుడు ఉంటుందా?

పాత కారులో వేరే ఇంజిన్ అమర్చేటప్పుడు భాగాల మధ్య ఎడం ఎందుకు, ఎలా చూడాలి

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వేతో పుట్టి పెరిగిన పట్టణం. రైల్వే ఉద్యోగాల కోసం వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 1072.5 మీటర్ల పొడవున్న అక్కడి ప్లాట్‌ఫాం చాలాకాలం ప్రపంచంలోనే అతి పొడవైనదిగా పేరు పొందింది. 2013లో గోరఖ్‌పూర్ దాన్ని దాటింది. పొడవు సంగతి అలా ఉంచి అడ్డంగా కొలిస్తే మరో ఆసక్తికరమైన సంఖ్య కనిపిస్తుంది. బ్రాడ్‌గేజ్ మార్గం తిన్నగా ఉన్నచోట పట్టాల మధ్య రేఖ నుంచి ప్రయాణికుల ప్లాట్‌ఫాం అంచు వరకు దూరం 1670 నుంచి 1680 మిల్లీమీటర్లు ఉండాలి. అంచు ఇంకా దగ్గరైతే ఊగే పెట్టె దానికి రాసుకుంటుంది. దూరమైతే ప్రయాణికుడి కాలు సందులో పడుతుంది.

ఈ నియమం వెనుక ఒక సులువైన సూత్రం ఉంది. కదిలే వస్తువుకు, అది నిలబడి ఉన్నప్పుడు పట్టే చోటు కంటే ఎక్కువ చోటు కావాలి. కారు బానెట్ కింద కూడా ఇదే సూత్రం పనిచేస్తుంది. పాత కారులోకి వేరే ఇంజిన్ దించినప్పుడు 'పట్టింది కదా' అనుకుని బోల్టులు బిగించేస్తే అసలు పరీక్ష మిగిలిపోయినట్లే.

ఒకే బాడీ, వేర్వేరు ఇంజిన్లు

దీనికి మన దేశంలో బాగా తెలిసిన ఉదాహరణ అంబాసిడర్. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ ఈ కారును పశ్చిమ బెంగాల్‌లోనే ఉన్న ఉత్తర్‌పాడాలో 2014 వరకు తయారుచేసింది. పైరూపం పెద్దగా మారకపోయినా లోపలి ఇంజిన్ మాత్రం మారింది. చాలాకాలం 1489 సీసీ ఇంజిన్‌తో నడిచిన ఈ కారులోకి 1990ల మొదట్లో ఇసుజు సంస్థ రూపొందించిన 1817 సీసీ పెట్రోల్ ఇంజిన్, దాంతోపాటు ఐదు గేర్ల పెట్టె వచ్చాయి. ఆకారం మారిన ఇంజిన్ పెట్టాలంటే దాన్ని మోసే ఆధారాలు, పైపుల దారి, ఫ్యాన్ దూరం అన్నీ మళ్లీ చూసుకోవాల్సిందే. కంపెనీలో ఈ పని నమూనాలు, పరీక్షల సాయంతో జరుగుతుంది. చిన్న షెడ్డులో ఆ బాధ్యత మెకానిక్ చేతుల మీద పడుతుంది.

ఇంజిన్ ఎంత కదులుతుంది?

ఇంజిన్ బాడీకి నేరుగా కాకుండా రబ్బరు మౌంటింగ్‌ల మీద కూర్చుంటుంది. కాబట్టి కదులుతుంది. ఎంత కదులుతుందో ఒక ఊహాత్మక లెక్కతో చూద్దాం. వెనక చక్రాలతో నడిచే కారులో ఇంజిన్ 125 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తోందనుకుందాం. మొదటి గేరులో అది నాలుగు రెట్లయి, గేర్‌బాక్స్ నుంచి 500 న్యూటన్ మీటర్లుగా బయటికొస్తుంది. న్యూటన్ మూడో నియమం ప్రకారం అంతే టార్క్ ఇంజిన్, గేర్‌బాక్స్‌లను వ్యతిరేక దిశలో తిప్పాలని చూస్తుంది.

రెండు మౌంటింగ్‌ల మధ్య దూరం అర మీటరు అయితే ఒక్కోదాని మీద 1000 న్యూటన్ల బలం పడుతుంది. ఇది సుమారు వంద కిలోల బరువుకు సమానం. 200 న్యూటన్లకు ఒక మిల్లీమీటరు చొప్పున నొక్కుకుపోయే రబ్బరు అయితే ఒకవైపు 5 మిల్లీమీటర్లు దిగుతుంది, రెండోవైపు అంతే లేస్తుంది. ఆ వాలు వల్ల 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న ఇంజిన్ పైభాగం 9 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. షెడ్డులో కొలిచినప్పుడు కనిపించిన 6 మిల్లీమీటర్ల సందు రోడ్డు మీద మాయమైపోతుంది. రివర్స్ గేరులో ఈ వాలు రెండోవైపుకు మారుతుంది. అందుకే రెండు పక్కలా చూడాలి. రబ్బరు పాతబడి మెత్తబడితే కదలిక ఇంకా పెరుగుతుంది.

బ్రేకు వేసినప్పుడు సంగతి వేరు. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపి 160 కిలోలు ఉండి, కారు వేగం సెకనుకు 8 మీటర్ల చొప్పున తగ్గితే ఆ బరువు 1280 న్యూటన్ల బలంతో మౌంటింగ్‌లను ముందుకు లాగుతుంది. ఇంజిన్‌కే బిగించిన ఫ్యాన్ అయితే రెక్కలు బాడీకి బిగించిన రేడియేటర్ వైపు జరుగుతాయి.

వేడి కూడా చోటు అడుగుతుంది

అర మీటరు పొడవున్న పోత ఇనుప ఇంజిన్ 80 డిగ్రీలు వేడెక్కితే అర మిల్లీమీటరు కూడా సాగదు. కానీ ఒక మీటరు పొడవున్న ఉక్కు సైలెన్సర్ పైపు 500 డిగ్రీలు వేడెక్కితే సుమారు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. చల్లగా ఉన్నప్పుడు తగలని పైపు అరగంట ప్రయాణం తర్వాత తగలవచ్చు.

అసలు తగలకుండానే ప్రమాదం తెచ్చేది కూడా వేడే. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదన్నది ప్రమాణం. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. బ్రేక్ పైపు వేడి పైపుకు మరీ దగ్గరగా వెళితే లోపల ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవంలా కాకుండా ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి పెడల్ కిందికి దిగిపోతుంది, బ్రేకు మాత్రం పడదు. దూరం పెంచే వీలు లేనిచోట మధ్యలో వేడిని ఆపే రేకు తప్పనిసరి.

ఎలా చూడాలి?

మొదట ఖాళీ ఇంజిన్‌ను, గేర్‌బాక్స్‌ను కలిపి తాత్కాలికంగా కూర్చోబెట్టాలి. బానెట్ లోపలివైపు, చేతికి అందని మూలల్లో పిల్లలు ఆడుకునే మెత్తటి రంగుల మైనం ముద్దలుగా అంటించి, బానెట్ మూసి తెరవాలి. నలిగిన మైనం మిగిలిన మందమే అక్కడి ఎడం. సన్నని సందులకు ఫీలర్ గేజ్ వాడతారు.

తర్వాత పొడవాటి కడ్డీతో ఇంజిన్‌ను రెండు పక్కలకూ, ముందుకూ నెట్టి చూడాలి. స్టీరింగ్‌ను ఒక చివర నుంచి మరో చివరకు తిప్పుతూ రాడ్లు చాంబర్‌కు గానీ సైలెన్సర్ పైపుకు గానీ తగులుతాయేమో గమనించాలి. చక్రం గుంతలో పడినప్పుడు యాక్సిల్ పైకి లేస్తుంది కాబట్టి, జాకీతో దాన్ని పూర్తిగా పైకి లేపి మళ్లీ అన్ని సందులూ చూడాలి. పెట్రోల్, బ్రేక్ పైపుల విషయంలో ఏమాత్రం రాజీ కూడదు. రోజూ కాస్త కాస్త రాసుకున్న పైపు ఒకనాడు చిల్లు పడుతుంది. వేడి ఇంజిన్ మీద పెట్రోల్ చుక్కలు పడితే మంటలకు అంతకంటే కారణం అక్కర్లేదు.

చిన్న తేడాలు కూడా కలిసి పెద్దవవుతాయి. ఐదు భాగాల్లో ఒక్కోదానిలో అర మిల్లీమీటరు తేడా ఉంటే, అన్నీ ఒకేవైపు పడినప్పుడు మొత్తం రెండున్నర మిల్లీమీటర్లు తగ్గుతుంది.

ఇదంతా చేసినా చట్టం సంగతి మిగిలే ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని అనుమతించదు. ఇంజిన్ మార్పు గురించి పని మొదలుపెట్టకముందే రవాణా శాఖ కార్యాలయంలో కనుక్కోవాలి.

చివరిగా, బండిని కొద్ది దూరం నడిపి తెచ్చి టార్చిలైటుతో బానెట్ కింద, బండి అడుగున వెతకాలి. రంగు పోయి కొత్తగా మెరుస్తున్న చోటు కనిపిస్తే అక్కడ రెండు భాగాలు కలుసుకున్నాయని అర్థం. ఆ మెరుపు కనిపించిన రోజే సరిచేస్తే అది ఒక పూట పని. వదిలేస్తే నడిరోడ్డు మీద అదే బ్రేకో, స్టీరింగో, మంటో అవుతుంది.