రెండు దీవులు, ఒక డైవింగ్ ట్రిప్: అండమాన్ ప్లాన్ చివరి రోజు నుంచి మొదలుపెట్టండి

అండమాన్‌లో స్కూబా డైవింగ్ ట్రిప్ గురించి చాలామంది అడుగుతున్నారు. ఎక్కువ మంది అడిగేది ఒకటే. "హ్యావ్‌లాక్ ఒక్కటే చాలా, నీల్ కూడా కలుపుకోవాలా? కలిపితే ఎన్ని రోజులు పడుతుంది?" ఈ ఎపిసోడ్ మొత్తం దానిమీదే.

అసలు విషయం ముందే చెప్పేస్తా. మామూలు టూర్‌కి మొదటి రోజు నుంచి ప్లాన్ వేసుకుంటాం. డైవింగ్ ట్రిప్‌కి మాత్రం చివరి రోజు నుంచి వెనక్కి వేసుకోవాలి. ముందు తిరుగు ఫ్లైట్ ఎప్పుడో చూడాలి, దాన్నిబట్టి ఆఖరి డైవ్ ఎప్పుడో తేల్చుకోవాలి, ఆ తర్వాతే హోటళ్లు. ఇది సౌకర్యం కోసం కాదు, మన ఒంటి కోసం. ఎలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు పేర్లు, దూరాలు

టికెట్లు వెతికేటప్పుడు పేర్ల దగ్గరే కొంతమంది తికమక పడతారు. 2018 డిసెంబర్‌లో హ్యావ్‌లాక్ దీవికి స్వరాజ్ ద్వీప్ అని, నీల్ దీవికి షహీద్ ద్వీప్ అని పేర్లు మార్చారు. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. పాత పేర్లు, కొత్త పేర్లు రెండూ వాడుకలో ఉన్నాయి కాబట్టి ఏది కనిపించినా కంగారు పడకండి. ఈ ఎపిసోడ్‌లో నేను పాత పేర్లే వాడతాను.

విమానం దిగేది పోర్ట్ బ్లెయిర్‌లో. హ్యావ్‌లాక్‌కి గానీ నీల్‌కి గానీ మన ఫ్లైట్లు వెళ్లవు, ఫెర్రీ ఎక్కాల్సిందే. పోర్ట్ బ్లెయిర్ నుంచి హ్యావ్‌లాక్‌కి ఫెర్రీని బట్టి గంటన్నర నుంచి రెండున్నర గంటలు. హ్యావ్‌లాక్ నుంచి నీల్‌కి గంట అటూ ఇటూ. ప్రైవేట్ ఫెర్రీలు ఉన్నాయి, ప్రభుత్వ ఫెర్రీలు ఉన్నాయి. ప్రభుత్వానివి చవక, కానీ టికెట్ దొరకడం కష్టం.

ఇంకో సంగతి. మన దేశం గడియారం నడిచేది కాకినాడకి దగ్గరగా వెళ్లే 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన. అండమాన్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది. అంటే సూర్యుడు మనకంటే దాదాపు 40 నిమిషాలు ముందు. అక్కడ ఐదు గంటలకే తెల్లారిపోతుంది, చలికాలంలో సాయంత్రం ఐదున్నరకే చీకటి. అందుకే డైవింగ్ బోట్లు పొద్దున్నే బయల్దేరతాయి, మధ్యాహ్నం తర్వాత ఫెర్రీలు తగ్గిపోతాయి. "సాయంత్రం ఆరింటికి ఏదో ఒక ఫెర్రీ ఉండదా" అనుకునే ప్లాన్ అక్కడ పనికిరాదు.

నీళ్లలో మన ఒంట్లో జరిగేది

ఇది అర్థమైతే మిగతా ప్లాన్ అంతా దానంతట అదే వచ్చేస్తుంది.

మనం పీల్చే గాలిలో దాదాపు 78 శాతం నైట్రోజన్. నేలమీద దానివల్ల మనకి పనీ లేదు, హానీ లేదు. కానీ నీళ్లలో ప్రతి పది మీటర్లకి ఒత్తిడి ఒక వాతావరణం చొప్పున పెరుగుతుంది. పది మీటర్ల లోతులో పైన ఉన్నదానికి రెట్టింపు. ముప్పై మీటర్లకి నాలుగు రెట్లు. ఆ ఒత్తిడికి నైట్రోజన్ మన రక్తంలో, కండరాల్లో, కొవ్వులో కరుగుతుంది. ఎంత లోతుకి వెళ్తే, ఎంతసేపు ఉంటే అంత ఎక్కువ.

పైకి నిదానంగా వస్తే అది ఊపిరితో మెల్లగా బయటికి పోతుంది. అందుకే పైకి వచ్చేటప్పుడు ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆపుతారు. ఒక్కసారిగా ఒత్తిడి తగ్గితే మాత్రం గోలీ సోడా కొట్టినట్టే, కరిగిన గ్యాస్ బుడగలు అవుతుంది. కీళ్ల నొప్పులు, తిమ్మిర్లు, తల తిరగడం, విపరీతమైన నీరసం వస్తాయి. ముదిరితే నరాలు దెబ్బతింటాయి. దీన్నే డీకంప్రెషన్ సిక్‌నెస్ అంటారు.

ఇక్కడే ఫ్లైట్ సంగతి వస్తుంది. డైవ్ అయిపోయి ఒడ్డుకి చేరాక కూడా కొంత నైట్రోజన్ ఒంట్లో మిగిలే ఉంటుంది. విమానం లోపల ఒత్తిడి నేలమీద ఉన్నంత ఉండదు, దాదాపు ఊటీ అంత ఎత్తులో కూర్చున్నట్టు ఉంటుంది. అంటే ఫ్లైట్ ఎక్కడమంటే సోడా మూత ఇంకాస్త తీయడమే.

డైవర్ల భద్రత మీద పనిచేసే డాన్ అనే సంస్థ సూచన ఇలా ఉంది. ఒకే ఒక్క మామూలు డైవ్ చేస్తే ఫ్లైట్‌కి ముందు కనీసం 12 గంటలు. రోజుకి రెండు మూడు చొప్పునో, వరుసగా కొన్ని రోజులో చేస్తే కనీసం 18 గంటలు. మన ట్రిప్ రెండో రకం. చాలామంది ఇన్‌స్ట్రక్టర్లు ఇంకొంచెం జాగ్రత్తగా 24 గంటలు అంటారు. నేనూ 24 లెక్కనే చెప్తాను. ఫెర్రీకి ఈ బాధ లేదు, అది సముద్రమట్టంలోనే వెళ్తుంది కాబట్టి.

రెండు దీవులు ఎందుకు?

హ్యావ్‌లాక్‌లో డైవ్ సెంటర్లు ఎక్కువ, కోర్సులు ఎక్కువ. నీమో రీఫ్ లాంటి నిదానమైన చోట నేర్చుకోవచ్చు. అనుభవం వచ్చాక జెట్టీ దగ్గర్లోనే ఉన్న వాల్ ఉంది. ఇంకా లోతు కావాలనుకునేవాళ్లకి డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ ఉన్నాయి.

నీల్ చిన్న దీవి, రద్దీ తక్కువ. ఈ దీవి చుట్టూ ఉన్న సముద్ర గడ్డి మేయడానికి డ్యూగాంగ్‌లు, అంటే సముద్రపు ఆవులు వస్తాయి. అండమాన్ నికోబార్ అధికారిక జంతువు అదే. కనిపిస్తుందని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు, అదృష్టం ఉండాలి. ఎవరైనా ఖచ్చితంగా చూపిస్తాం అంటే నమ్మకండి.

అయితే రెండు దీవులు అందరికీ అవసరం లేదు. సర్టిఫికెట్ లేకుండా ఒకసారి ట్రై డైవ్ మాత్రమే చేసేవాళ్లు ఇన్‌స్ట్రక్టర్ చేయి పట్టుకుని 12 మీటర్ల లోపే తిరుగుతారు. వాళ్లకి ఒక దీవి చాలు. ఓపెన్ వాటర్ కోర్సు చేసి, ఆ కొత్త సర్టిఫికెట్‌తో ఇంకోచోట సరదాగా దిగాలనుకునేవాళ్లకి రెండు దీవుల ప్లాన్ బాగా కుదురుతుంది. ఆ సర్టిఫికెట్‌తో 18 మీటర్ల వరకు దిగొచ్చు. ముందు హ్యావ్‌లాక్‌లో చదువు, తర్వాత నీల్‌లో ఆట. ఇప్పటికే సర్టిఫికెట్ ఉండి చాలా రోజులు డైవ్ చేయనివాళ్లు కూడా ముందు తేలికైన చోట ఒక రిఫ్రెషర్ చేసి తర్వాతే లోతుకి వెళ్లండి.

దీవి మారే రోజు పొడి రోజు

రెండు దీవుల ట్రిప్‌లో చాలామంది పట్టించుకోని విషయం ఇది. పొద్దున హ్యావ్‌లాక్‌లో రెండు డైవ్‌లు చేసి, మధ్యాహ్నం ఫెర్రీ ఎక్కి, రాత్రికి నీల్‌లో నైట్ డైవ్ చేసేద్దాం, రోజు కలిసొస్తుంది అనిపిస్తుంది.

అందులో ఒక ప్రమాదం దాగి ఉంది. చేతికి కట్టే డైవ్ కంప్యూటర్ మన ఒంట్లో ఎంత నైట్రోజన్ ఉందో లెక్కగట్టి, ఇంకా ఎంతసేపు లోపల ఉండొచ్చో చెప్తుంది. కానీ అది దానితో చేసిన డైవ్‌లనే లెక్కేస్తుంది. హ్యావ్‌లాక్‌లో అద్దెకి తీసుకున్న కంప్యూటర్ అక్కడే ఇచ్చేసి వస్తాం. నీల్‌లో కొత్తది కట్టుకుంటే దాని దృష్టిలో మనం ఆ రోజు అసలు నీళ్లలోకే దిగలేదు. పొద్దున డైవ్‌ల తాలూకు నైట్రోజన్ మన ఒంట్లో ఉంటుంది, దాని లెక్కలో ఉండదు.

కాబట్టి దీవి మారే రోజు డైవింగ్ పెట్టుకోకండి. లాగ్‌బుక్‌లో ప్రతి డైవ్ లోతు, సమయం రాయించుకుని రెండో సెంటర్ వాళ్లకి చూపించండి. ఆ రోజు చెవులకి విశ్రాంతి, బట్టలు ఆరడానికి టైం, ఒకవేళ ఫెర్రీ ఆలస్యమైనా నష్టం లేదు.

వెనక నుంచి లెక్క: ఎనిమిది రోజులు

ఇప్పుడు చివరి నుంచి మొదలుపెడదాం.

8వ రోజు: పోర్ట్ బ్లెయిర్ నుంచి ఫ్లైట్.

7వ రోజు: నీల్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఫెర్రీ. డైవింగ్ లేదు. సెల్యులార్ జైలు చూడండి. అది 1906లో పూర్తయింది. ఏడు విభాగాల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. 1922-24 మన్యం పోరాటంలో పట్టుబడిన మనవాళ్లు కొందరిని బ్రిటిష్ వాళ్లు ఈ దీవులకే పంపారు.

6వ రోజు: నీల్‌లో పొద్దున రెండు డైవ్‌లు. ఇవే ఆఖరివి.

5వ రోజు: పొద్దున హ్యావ్‌లాక్‌లో రాధానగర్ బీచ్, తర్వాత నీల్‌కి ఫెర్రీ. పొడి రోజు.

2, 3, 4 రోజులు: హ్యావ్‌లాక్‌లో ఓపెన్ వాటర్ కోర్సు. లోతు తక్కువ నీళ్లలో ప్రాక్టీసు, తర్వాత సముద్రంలో నాలుగు డైవ్‌లు.

1వ రోజు: పోర్ట్ బ్లెయిర్‌లో దిగి హ్యావ్‌లాక్‌కి. ఫ్లైట్‌కీ ఫెర్రీకీ మధ్య కనీసం మూడు గంటలు పెట్టుకోండి. అంత టైం లేకపోతే ఆ రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండి, పైన ఒక రోజు కలుపుకోండి.

"ఆరో రోజు మధ్యాహ్నం డైవ్ అయిపోతే ఏడో రోజు మధ్యాహ్నానికి 24 గంటలు అవుతాయి కదా, ఆ రోజే ఫ్లైట్ ఎక్కొచ్చుగా?" అని అడగొచ్చు. నైట్రోజన్ లెక్క ప్రకారం ఎక్కొచ్చు. కానీ సముద్రం బాగోకపోతే ఫెర్రీ రద్దవుతుంది. నీల్‌లో ఇరుక్కుంటే ఫ్లైట్ టికెట్ డబ్బులు పోతాయి. ఏడో రోజు రెండు పనులు చేస్తుంది, ఒంటికీ గడువు ఇస్తుంది, ఫెర్రీకీ గడువు ఇస్తుంది. సెలవులు తక్కువ ఉంటే నీల్‌ని తీసేయండి గానీ ఈ రోజుని తీసేయకండి.

సీజన్ విషయానికొస్తే నైరుతి రుతుపవనాలు మన దేశంలో ముందు తాకేది అండమాన్ వైపే, మే నెలలోనే. సముద్రం నిదానంగా ఉండేది సుమారుగా జనవరి నుంచి ఏప్రిల్ వరకు.

ఇంటి దగ్గరే అయిపోవాల్సినవి

ఒకటి, థియరీ. కోర్సులో చదువు భాగం ఫోన్‌లోనే పూర్తి చేయొచ్చు. ముందే డైవ్ సెంటర్‌తో మాట్లాడి పెట్టించుకుంటే దీవిలో బీచ్ వదిలేసి రూంలో కూర్చుని చదవక్కర్లేదు.

రెండు, మెడికల్ ఫారం. ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్ లాంటివి ఉంటే డాక్టర్ సంతకం కావాలి. అక్కడికి వెళ్లాక ఫారం చూసి ఆగిపోయే బదులు, ఊర్లో ఉండగానే ఫారం తెప్పించుకుని డాక్టర్‌కి చూపించండి. దాచిపెట్టి "లేదు" అని టిక్ పెట్టకండి. ఆ ఫారం మన ప్రాణం కోసమే.

మూడు, ఈత. ట్రై డైవ్‌కి ఈత రాకపోయినా చాలా చోట్ల దించుతారు. కోర్సుకి మాత్రం 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు తేలుతూ ఉండాలి. టైం ఉంటే ఒక నెల స్విమ్మింగ్ పూల్‌కి వెళ్లండి.

నాలుగు, ఇన్సూరెన్స్. మామూలు ట్రావెల్ పాలసీల్లో స్కూబా ఉండకపోవచ్చు, లేదా ఇంత లోతు వరకే అని ఉండొచ్చు. కొనే ముందే చదవండి.

డైవ్ సెంటర్‌ని అడగాల్సిన ప్రశ్నలు

ధరలు మారుతుంటాయి కాబట్టి నేను అంకెలు చెప్పను. ఇవి మాత్రం అడగండి. ఈ రేటులో పరికరాలు, బోటు, సర్టిఫికెట్ ఫీజు, జీఎస్టీ అన్నీ ఉన్నాయా? ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది? బోటులో ఆక్సిజన్ ఉంటుందా? ఎవరికైనా డీకంప్రెషన్ లక్షణాలు వస్తే ఏ ఛాంబర్‌కి, ఎలా తీసుకెళ్తారు? వాతావరణం బాగోక డైవ్ రద్దయితే డబ్బు వెనక్కిస్తారా? చివరి రెండు ప్రశ్నలకి తడుముకోకుండా జవాబు చెప్పే సెంటర్‌ని, రేటు కాస్త ఎక్కువైనా ఎంచుకోండి.

జలుబు ఉంటే ఆ రోజు దిగకండి, చెవులు సర్దుకోవు. డైవింగ్ రోజుల్లో మందు వద్దు, నీళ్లు బాగా తాగండి. డైవ్ తర్వాత నొప్పులు, తిమ్మిర్లు అనిపిస్తే "అలసట అయి ఉంటుందిలే" అని ఊరుకోకండి. వెంటనే సెంటర్ వాళ్లకి చెప్పండి, అలాగే ఫ్లైట్ ఎక్కకండి.

ఇక ఫోన్. వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నా మామూలు ఫోన్ తట్టుకునేది కొద్ది మీటర్లే, అదీ మంచినీళ్లలో చేసిన పరీక్ష. మెడలో వేసుకునే ప్లాస్టిక్ కవర్ నమ్మి 12 మీటర్లకి తీసుకెళ్లకండి. వీడియో కావాలంటే సెంటర్ వాళ్ల కెమెరా అడగండి. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక నెట్ మెరుగైంది, అయినా దీవుల్లో అన్నిచోట్లా సిగ్నల్ అందదు. ఫెర్రీ టికెట్లు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, కాస్త నగదు ఉంచుకోండి.

రీల్ కోసం పగడాల మీద నిలబడకండి, ముట్టుకోకండి. 2010లో నీళ్లు వేడెక్కి అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడి దెబ్బతిన్నాయి. అవి మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. ఒడ్డున దొరికిన పగడం ముక్కని బ్యాగులో వేసుకున్నా ఎయిర్‌పోర్టులో కేసు అవుతుంది, వన్యప్రాణి చట్టం కింద వాటికి రక్షణ ఉంది.

చివరగా ఒక్కసారి గుర్తు చేస్తా. ఆఖరి డైవ్‌కీ ఫ్లైట్‌కీ మధ్య ఒక పూర్తి రోజు. దీవికీ దీవికీ మధ్య ఒక పొడి రోజు. ఈ రెండు రోజులు ముందు క్యాలెండర్‌లో రాసుకుని, మిగిలిన ఖాళీల్లో డైవ్‌లు పెట్టుకోండి. టికెట్లు బుక్ చేసే ముందు మీతో వచ్చే ఫ్రెండ్స్‌కి కూడా ఇది పంపండి, ఎందుకంటే గ్రూపులో ఒక్కరైనా "ఒక రోజు తగ్గిద్దాం రా" అనేవాళ్లు తప్పకుండా ఉంటారు.