పాత బైక్ స్టార్ట్ కాకపోతే ముందు ప్లగ్గే ఎందుకు చూడాలి?

పాత బైక్ మొరాయించగానే చాలామంది కార్బురేటర్ విప్పేస్తారు. అది తొందరపాటు. పెట్రోల్ ఇంజన్ నడవాలంటే గాలి కలిసిన పెట్రోలు, దాన్ని గట్టిగా నొక్కే పిస్టన్, సరైన క్షణంలో నిప్పురవ్వ కావాలి. ఈ మూడింటి జాడా స్పార్క్ ప్లగ్ కొన మీద కనిపిస్తుంది. ఇంజన్ చల్లారాక ప్లగ్ విప్పి చూడండి. లేత గోధుమరంగులో ఉంటే లోపల మంట సరిగ్గానే మండుతోంది. పొడి మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువై గాలి చాలడం లేదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో, చోక్ వేసి వదిలేశారేమో చూడాలి. నూనె జిడ్డు ఉంటే పిస్టన్ రింగులు అరిగాయేమోనని అనుమానించాలి. పెట్రోలుతో తడిసి ఉంటే రవ్వ మీదే అనుమానం. ఎన్ని కిక్కులు కొట్టినా పొడిగానే ఉంటే పెట్రోలే అందడం లేదు. కార్బురేటర్ సంగతి అప్పుడు చూడాలి, అదీ పెట్రోల్ కాక్ తెరిచి ఉందని తేల్చుకున్నాకే.

‘బయటికి తీసి చూస్తే స్పార్క్ వస్తోంది కదా, ప్లగ్ బాగున్నట్టే’ అంటారు కొందరు. అలా తేల్చేయలేం. సిలిండర్‌లో గాలి బాగా నొక్కుకుపోయి ఉంటుంది. ఆ ఒత్తిడిలో రవ్వ దూకాలంటే ఇంకా ఎక్కువ వోల్టేజి కావాలి. బయట మెరిసిన బలహీనమైన రవ్వ లోపల పుట్టకపోవచ్చు. కొత్త ప్లగ్ వేసి చూస్తే ఆ సందేహం తీరుతుంది. రవ్వ పరీక్ష మాత్రం పెద్దవాళ్లు పక్కన లేకుండా చేయకండి, పెట్రోలు ఆవిరి ఉన్నచోట అస్సలు చేయకండి.