రేస్ ఫొటోకి ముందు చోటు, తర్వాత లెన్స్, ఆఖర్న కెమెరా

"రేస్ ఫొటోలు తియ్యాలి, ఏ కెమెరా కొనమంటారు?" అని అడిగేవాళ్లని నేను తిరిగి అడిగేది ఒకటే: ఎక్కడ నిలబడి తీస్తారు? దానికి జవాబు లేకుండా లక్ష రూపాయల బాడీకి ఈఎంఐ పెట్టుకుంటే ఫ్రేమ్ మధ్యలో చీమంత కారు, దాని ముందు అడ్డంగా ఫెన్స్, అంతే మిగులుతుంది. మీడియా పాస్ ఉన్నవాళ్ల సంగతి వేరు. టికెట్ కొనుక్కుని వెళ్లే మనలాంటి వాళ్లకి చోటే ముఖ్యం. ఎందుకో లెక్కతో సహా చూద్దాం.

స్పీడ్ తగ్గే చోటు వెతకండి

మొదట అందరి కళ్లూ మెయిన్ స్ట్రెయిట్ మీదే పడతాయి. కానీ గంటకి 200 కి.మీ. వేగమంటే సెకనుకి దాదాపు 55 మీటర్లు. షట్టర్ స్పీడ్ 1/1000 పెట్టినా ఆలోపే కారు 5 సెం.మీ.కి పైగా కదిలిపోతుంది. అదే కారు హెయిర్‌పిన్ మలుపులో 60కి దిగితే ఆ కదలిక 2 సెం.మీ. కూడా ఉండదు. పైగా బ్రేకులు పడేది, ఓవర్‌టేక్‌కి ట్రై చేసేది, బైక్ రైడర్ మోకాలు ట్రాక్‌కి ఆనేంత వంగేది అక్కడే.

హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న జరిగిన ఫార్ములా-ఈ రేస్ గుర్తుందా? 2.83 కి.మీ. ట్రాక్, 18 మలుపులు. శామ్ బర్డ్ తన జాగ్వార్ టీమ్‌మేట్ మిచ్ ఎవాన్స్‌ని గుద్దింది మూడో మలుపులోని హెయిర్‌పిన్ దగ్గరే. స్ట్రెయిట్ పక్కన కూర్చున్నవాళ్లకి ఎంత పెద్ద లెన్స్ ఉన్నా ఆ ఫొటో దొరకదు.

2024లో ఆ రేస్ రద్దయింది కాబట్టి ఇప్పుడు మనకి దగ్గర్లో ఉన్న పెద్ద ట్రాక్ చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. పొడవు 3.7 కి.మీ. కోయంబత్తూర్‌లోని కరి మోటార్ స్పీడ్‌వే 2.1 కి.మీ. ఏ ట్రాక్‌కి వెళ్లినా ముందు మ్యాప్ తెరిచి మూడు విషయాలు చూడండి:

• పొడవాటి స్ట్రెయిట్ చివర గట్టి మలుపు ఎక్కడుంది?
• రేస్ టైమ్‌కి సూర్యుడు మీ వెనక ఉంటాడా, ఎదురుగానా?
• సీటు ఫెన్స్ కంటే ఎత్తులో ఉందా?

ఈ మూడూ కుదిరే స్టాండ్‌కి టికెట్ కాస్త ఎక్కువైనా నేనైతే దానికే డబ్బు పెడతాను.

లెన్స్‌కి చిన్న లెక్క

మ్యాప్‌లో మీ సీటు నుంచి ట్రాక్‌కి ఎంత దూరమో కొలవండి. ఫార్ములా ఇది: దూరం × సెన్సర్ వెడల్పు ÷ ఫోకల్ లెంగ్త్ = ఫ్రేమ్‌లో పట్టే వెడల్పు. ఏపీఎస్-సి సెన్సర్ వెడల్పు సుమారు 23.5 ఎంఎం. 100 మీటర్ల దూరంలో 300 ఎంఎం లెన్స్‌కి 7.8 మీటర్లు పడుతుంది. కారు నాలుగున్నర మీటర్లు అనుకుంటే ఫ్రేమ్‌లో సగానికి పైనే, సూపర్. అదే లెన్స్‌తో 50 మీటర్ల నుంచి తీస్తే పట్టేది 4 మీటర్ల లోపే, కారు పక్క నుంచి పూర్తిగా రాదు. 200 ఎంఎంకి తగ్గాలి. అందుకే ఫిక్స్‌డ్ లెన్స్ కాదు, జూమ్ తీసుకోండి.

బడ్జెట్‌లో నాకు నచ్చే కాంబో కెనాన్ ఆర్10 బాడీ, ఆర్ఎఫ్ 100-400 ఎంఎం లెన్స్. రెండూ కలిపి కిలో పైన కొంచెం. వెహికల్ డిటెక్షన్ ఉంది, మెకానికల్ షట్టర్‌తో సెకనుకి 15 ఫ్రేములు తీస్తుంది. మైనస్ ఏంటంటే 400 ఎంఎం దగ్గర అపర్చర్ ఎఫ్/8 మాత్రమే. పగటి రేస్‌కి ఓకే, పొద్దు వాలాక ఐఎస్‌ఓ పెంచక తప్పదు. ఏడాదికి ఒకటి రెండు రేసులే చూసేవాళ్లయితే కొనకండి, వీకెండ్‌కి అద్దెకి తెచ్చుకోండి. చేతిలో పాత డీఎస్ఎల్ఆర్ ఉంటే సెకండ్ హ్యాండ్ 70-300 చాలు.

సెట్టింగ్స్

1/2000లో తీస్తే చక్రాలు కూడా ఆగిపోయి పార్కింగ్‌లో ఉన్న కారులా కనిపిస్తుంది. స్పీడ్ తెలియాలంటే పానింగ్ చెయ్యాలి, అంటే కారుతో పాటు కెమెరాని తిప్పుతూ తీయాలి. 1/250తో మొదలుపెట్టి, చేయి కుదిరాక 1/125, తర్వాత 1/60కి దిగండి. కంటిన్యువస్ ఆటోఫోకస్ ఆన్‌లో ఉండాలి. లెన్స్ స్టెబిలైజేషన్‌లో మోడ్ 2 ఉంటే అది పానింగ్ కోసమే.

మన మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్‌ఓ 100, 1/60 పెడితే ఎఫ్/16 కంటే పైకి వెళ్లాల్సి వస్తుంది. అక్కడ షార్ప్‌నెస్ తగ్గుతుంది, సెన్సర్ మీది దుమ్ము మచ్చలుగా కనిపిస్తుంది. ఒక ఎన్‌డీ8 ఫిల్టర్ దగ్గరుంటే ఈ గొడవ ఉండదు. ఎలక్ట్రానిక్ షట్టర్ వాడొద్దు. చాలా కెమెరాల్లో సెన్సర్ పైనుంచి కిందికి వరుసగా చదువుతుంది కాబట్టి పానింగ్‌లో వెనకున్న స్తంభాలు ఒరిగిపోతాయి.

ఫెన్స్ తప్పకపోతే, అనుమతి ఉన్నంతవరకు దానికి దగ్గరగా జరగండి. జూమ్ పెంచి అపర్చర్ పూర్తిగా తెరిస్తే ముందున్న తీగలు కరిగిపోతాయి. నీడలో ఉన్న తీగలు ఇంకా తేలిగ్గా మాయమవుతాయి. బారికేడ్ దాటడం, మార్షల్ వద్దన్న చోట నిలబడటం మాత్రం చెయ్యకండి.

ఫోన్‌తో అవుతుందా?

5ఎక్స్ టెలిఫొటో ఉంటే అవుతుంది. ఆ లెన్స్ సుమారు 120 ఎంఎంతో సమానం. 50 మీటర్ల దూరంలో ఫ్రేమ్‌లో 15 మీటర్లు పడుతుంది, అంటే కారు మూడో వంతు కంటే కాస్త తక్కువ. 12 మెగాపిక్సెల్ ఫొటోలో దాదాపు 1200 పిక్సెల్స్ వెడల్పు. ఇన్‌స్టాకి ధారాళంగా సరిపోతుంది. 100 మీటర్లయితే అందులో సగమే. కాబట్టి ఫోన్‌తో వెళ్లేవాళ్లకి దగ్గరి చోటు ఇంకా ముఖ్యం. ప్రో మోడ్‌లో 1/125 పెట్టి పానింగ్ చేయండి.

నా రికమండేషన్

30 వేలే ఉన్నాయా? మంచి మలుపు దగ్గర టికెట్, అద్దె లెన్స్, ఒక స్పేర్ బ్యాటరీ. అంతే. రేస్‌కి రెండు వారాల ముందు నుంచి రోజూ అరగంట ఫుట్‌పాత్ మీద నిలబడి, రోడ్డు మీద వెళ్లే బైక్‌లని పాన్ చేస్తూ ఉండండి. దానికి ఖర్చు లేదు, ఈఎంఐ అసలే లేదు. కొత్త బాడీ సంగతి ఆ ఫొటోలు చూసుకున్నాక ఆలోచించొచ్చు.