అమెరికన్ పేల్ ఏల్ గృహ తయారీలో హాప్స్ ఎంపిక, చేర్పు సమయం - ఒక వివరణ

వ్యాససంగ్రహం:

అమెరికన్ పేల్ ఏల్ అనే బీరుకు ప్రత్యేకతను ఇచ్చేది హాప్స్. ఒకే రకం హాప్స్‌ను ఒకే పరిమాణంలో వాడినా, చేర్చే సమయం మారితే చేదు, రుచి, సువాసన మారిపోతాయి. ఈ మార్పుకు గల రసాయనిక కారణాలను, ముఖ్యమైన హాప్స్ రకాల స్వభావాన్ని, 20 లీటర్ల గృహ తయారీకి సరిపడే ఒక చేర్పు ప్రణాళికను ఈ వ్యాసం వివరిస్తుంది. మరుగుకాలం మధ్యలో చేసే చేర్పులు తక్కువ ప్రయోజనాన్ని ఇస్తాయని, చేదును ఆరంభంలోను సువాసనను చివరలోను విడివిడిగా సాధించడం మేలని నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: హాప్స్, పేల్ ఏల్, ఆల్ఫా ఆమ్లాలు, సుగంధ తైలాలు, కిణ్వనం, గృహ తయారీ.

1. ఉపోద్ఘాతం:

నీరు, మాల్ట్, హాప్స్, ఈస్ట్ - ఈ నాలుగూ బీరుకు మూలద్రవ్యాలు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీయే మాల్ట్. దానిని వేడినీటిలో నానబెట్టి తీసిన తియ్యని ద్రవాన్ని వోర్ట్ అంటారు. వోర్ట్‌ను సాధారణంగా 60 నిమిషాలు మరిగించి, చల్లార్చి, ఈస్ట్ చేరుస్తారు. ఈస్ట్ అందులోని చక్కెరలను ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. ఈ క్రమంలో హాప్స్‌ను ఎప్పుడు చేర్చాలన్నది తయారీదారు నిర్ణయించవలసిన విషయం.

తెలుగువారి వంటింట్లో ఈ నిర్ణయానికి సమీపమైన ఉదాహరణ ఉంది. చారులో చింతపండు పులుసు మొదటినుంచీ మరుగుతుంది. కొత్తిమీరను మాత్రం దించే ముందు వేస్తారు. కొత్తిమీరను మొదటే వేస్తే ఆకు మిగులుతుంది గాని వాసన మిగలదు. హాప్స్ విషయంలో చిక్కు ఏమిటంటే, చింతపండు చేసే పని, కొత్తిమీర చేసే పని రెండింటినీ ఒకే పువ్వు చేయవలసి ఉంటుంది. మొదటి పనికి మరుగు అవసరం. రెండవ పనికి మరుగే శత్రువు.

2. అమెరికన్ పేల్ ఏల్ నేపథ్యం:

పేల్ ఏల్ ఇంగ్లండులో పుట్టిన బీరు. దానికి అమెరికన్ రూపాన్ని ఇచ్చినది ప్రధానంగా కాస్కేడ్ అనే హాప్స్ రకం. అమెరికా వ్యవసాయ శాఖ ఆరెగన్ రాష్ట్రంలో నిర్వహించిన ప్రజనన కార్యక్రమం నుండి వచ్చిన ఈ రకం 1972లో విడుదలైంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని యాంకర్ సంస్థ 1975లో తయారుచేసిన లిబర్టీ ఏల్, కాలిఫోర్నియాలోని చికో పట్టణంలో సియెరా నెవాడా సంస్థ 1980లో మొదలుపెట్టిన పేల్ ఏల్ కాస్కేడ్‌కు గుర్తింపు తెచ్చాయి. పంపరపనసను, పూలను తలపించే వాసన అప్పటినుంచి ఈ శైలికి ముద్రగా నిలిచింది.

గృహ తయారీకి కూడా ఇదే దశాబ్దం కీలకం. స్వంత వినియోగానికి ఇంట్లో బీరు తయారుచేసుకోవడాన్ని పన్ను నుండి మినహాయించే సమాఖ్య చట్టంపై అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1978 అక్టోబరులో సంతకం చేశారు. ఒక వయోజనుడున్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉన్న ఇంటికి 200 గ్యాలన్లు దాని పరిమితి. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉండటంవల్ల అలబామా, మిసిసిపీలలో ఇది 2013లో గాని చట్టబద్ధం కాలేదు. తెలుగు రాష్ట్రాలలో అనుమతి పత్రం లేకుండా మద్యం తయారుచేయడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. కాబట్టి ఇక్కడి వివరణ గృహ తయారీ చట్టబద్ధమైన ప్రాంతాలకే వర్తిస్తుంది.

3. హాప్స్‌లోని రెండు సంపదలు:

హాప్స్ తీగజాతి మొక్క. ఆడమొక్కకు కాసే శంకువు ఆకారపు పూలనే బీరు తయారీలో వాడతారు. పూరేకుల మొదట్లో పసుపురంగు పుప్పొడిలా కనిపించే లుపులిన్ గ్రంథులు ఉంటాయి. అందులోని రెండు రకాల పదార్థాలు ఇక్కడ ముఖ్యం.

3.1 ఆల్ఫా ఆమ్లాలు: హ్యుములోన్, కోహ్యుములోన్, ఆడ్‌హ్యుములోన్ అనేవి వీటిలో ప్రధానమైనవి. ఇవి ఉన్న రూపంలో నీటిలో సరిగా కరగవు. వోర్ట్ మరిగేటప్పుడు వాటి అణునిర్మాణం మారి ఐసో ఆల్ఫా ఆమ్లాలు ఏర్పడతాయి. బీరులోని చేదుకు ప్రధాన కారణం ఇవే. ఈ మార్పుకు వేడితోపాటు వ్యవధి కూడా కావాలి.

3.2 సుగంధ తైలాలు: మిర్సీన్, హ్యుములీన్, కారియోఫిల్లీన్, లినలూల్, జెరానియోల్ మొదలైనవి ఈ వర్గానికి చెందుతాయి. వీటిలో అధికభాగం ఆవిరితోపాటు ఎగిరిపోతుంది. ముఖ్యంగా మిర్సీన్ మరుగులో నిలవదు. లినలూల్, జెరానియోల్ వంటివి నీటిలో కొంత మెరుగుగా కరుగుతాయి కనుక, చివరి చేర్పుల నుండి కొంతమేరకు బీరులోకి చేరతాయి.

మరుగుకాలం పెరిగేకొద్దీ మొదటి సంపద లభిస్తుంది, రెండవది నశిస్తుంది. హాప్స్ చేర్పు సమయానికి సంబంధించిన నియమాలన్నీ ఈ విలోమ సంబంధం నుండి పుట్టినవే.

4. చేదు లెక్క:

బీరు చేదును అంతర్జాతీయ చేదు ప్రమాణాలలో చెబుతారు. స్థూలంగా, లీటరుకు ఒక మిల్లీగ్రాము ఐసో ఆల్ఫా ఆమ్లం ఒక ప్రమాణం. అమెరికన్ పేల్ ఏల్‌కు 30 నుండి 50 ప్రమాణాల చేదు ఆమోదయోగ్యం. చేర్చిన ఆల్ఫా ఆమ్లంలో ఎంత భాగం చేదుగా మారుతుందో అంచనా వేయడానికి గృహ తయారీదారులు ఎక్కువగా వాడేది గ్లెన్ టిన్‌సెత్ సూత్రం. 1.050 సాంద్రత గల వోర్ట్‌కు ఆ సూత్రం ఇచ్చే విలువలు ఇలా ఉంటాయి:

5 నిమిషాల మరుగు - 4.6 శాతం
10 నిమిషాలు - 8.4 శాతం
15 నిమిషాలు - 11.4 శాతం
30 నిమిషాలు - 17.7 శాతం
60 నిమిషాలు - 23.1 శాతం
90 నిమిషాలు - 24.7 శాతం

ఈ అంకెలు రెండు విషయాలను స్పష్టం చేస్తున్నాయి. మొదటిది, 60 నిమిషాల తరువాత మరో అరగంట మరిగించినా చేదులో పెరుగుదల స్వల్పం. రెండవది, 30 నిమిషాల చేర్పు 60 నిమిషాల చేర్పులో మూడు వంతులకు పైగా చేదును ఇస్తుంది గాని, అప్పటికే సువాసనలో అధికభాగాన్ని కోల్పోతుంది. అంటే మధ్యలో వేసిన హాప్స్ పూర్తి చేదునూ ఇవ్వవు, చెప్పుకోదగ్గ వాసననూ ఇవ్వవు. 20 నుండి 40 నిమిషాల మధ్య చేర్పును రుచి కోసమని చెప్పే పాత అలవాటు అనేక వంటకాలలో కనిపిస్తుంది. అదే హాప్స్‌ను చివరి పది నిమిషాలకు జరిపి, తగ్గిన చేదును ఆరంభ చేర్పుతో సరిచేస్తే తక్కువ ఖర్చుతో మెరుగైన ఫలితం దక్కుతుంది.

5. రకాల ఎంపిక:

5.1 చేదు కోసం: ఆరంభంలో వేసే హాప్స్ వాసన నిలవదు. కాబట్టి ఆల్ఫా ఆమ్లం అధికంగా, చేదు మృదువుగా ఉండే రకం చాలు. మాగ్నమ్ దీనికి తగినది. దానిలో ఆల్ఫా ఆమ్లం సుమారు 12 నుండి 14 శాతం. తక్కువ బరువుతో పని జరుగుతుంది కనుక ఆకుపదార్థం తగ్గి వగరు కూడా తగ్గుతుంది. కొంత మొరటు చేదును కోరేవారు చినూక్‌ను ఎంచుకుంటారు.

5.2 సువాసన కోసం: కాస్కేడ్‌లో ఆల్ఫా ఆమ్లం సుమారు 4.5 నుండి 7 శాతం. దాని వాసనలో పంపరపనస, పూలు ప్రధానం. 1990లో విడుదలైన సెంటెన్నియల్‌లో అది 9 నుండి 12 శాతం. నిమ్మ, పూల వాసనలు గాఢంగా ఉంటాయి. సిట్రాలో మామిడి వంటి ఉష్ణమండల ఫలాల వాసన, సిమ్కోలో దేవదారు జిగురు వాసన ముందుకు వస్తాయి. మొదటిసారి తయారుచేసేవారు రెండు రకాలకు మించకపోవడం మంచిది. నాలుగైదు రకాలు కలిపితే ఫలితం బాగున్నా, బాగులేకపోయినా కారణం ఏ రకమో తెలియదు.

ఆల్ఫా శాతం పంటను బట్టి ఏటా మారుతుంది. లెక్కకు పుస్తకంలోని సగటును గాక, పొట్లంపై ముద్రించిన విలువను తీసుకోవాలి. పాతబడిన హాప్స్‌లో ఆల్ఫా ఆమ్లాలు తగ్గి, జున్నును తలపించే పులిసిన వాసన వస్తుంది. కనుక గాలి చొరని పొట్లంలో, శీతలపెట్టెలో భద్రపరచాలి.

6. ఒక నమూనా ప్రణాళిక:

20 లీటర్ల బీరు, 1.050 ఆరంభ సాంద్రత, 60 నిమిషాల మరుగును ప్రాతిపదికగా తీసుకుంటే చేర్పులను ఇలా అమర్చవచ్చు:

అ) మరుగు మొదట్లో: మాగ్నమ్ (12 శాతం) 15 గ్రాములు - సుమారు 21 ప్రమాణాలు.
ఆ) మరుగు ముగియడానికి 10 నిమిషాల ముందు: కాస్కేడ్ (6 శాతం) 30 గ్రాములు - సుమారు 7.5 ప్రమాణాలు.
ఇ) 5 నిమిషాల ముందు: సెంటెన్నియల్ (10 శాతం) 20 గ్రాములు - సుమారు 4.6 ప్రమాణాలు.
ఈ) మంట ఆర్పి, 80 డిగ్రీల సెల్సియస్‌కు చల్లార్చిన తరువాత 20 నిమిషాలు: కాస్కేడ్ 40 గ్రాములు.
ఉ) కిణ్వనం ముగిసే దశలో 3 రోజులు: కాస్కేడ్ 25 గ్రాములు, సెంటెన్నియల్ 25 గ్రాములు.

మొదటి మూడు చేర్పుల చేదు సుమారు 33 ప్రమాణాలు. మొదటి రెండింటిని పోల్చి చూడటం ఉపయోగకరం. రెండింటిలోనూ లీటరుకు 90 మిల్లీగ్రాముల ఆల్ఫా ఆమ్లమే ఉంది. అయినా ఒకటి 21 ప్రమాణాలను, మరొకటి 7.5 ప్రమాణాలను ఇస్తున్నది. తేడా అంతా వ్యవధిదే. అలాగే మొత్తం 155 గ్రాముల హాప్స్‌లో పదో వంతు కూడా లేని మాగ్నమ్, ఈ లెక్కలోని చేదులో దాదాపు మూడింట రెండు వంతులను సమకూరుస్తున్నది. మిగిలిన 140 గ్రాముల ముఖ్యప్రయోజనం సువాసనే.

నాలుగవ చేర్పుకు ఉష్ణోగ్రత తగ్గించడానికి కారణం ఉంది. మంట ఆర్పినంత మాత్రాన చేదు ఏర్పడటం ఆగదు. వోర్ట్ మరుగుస్థాయికి దగ్గరగా ఉన్నంతసేపూ అది కొనసాగుతుంది. 80 డిగ్రీల వద్ద ఆ వేగం బాగా తగ్గుతుంది, తైలాల నష్టమూ తగ్గుతుంది. వోర్ట్ చల్లారడం ఆలస్యమైతే 10, 5 నిమిషాల చేర్పులు కూడా లెక్కకు మించిన చేదును ఇస్తాయి. చాలామందికి బీరు అనుకున్నదానికన్నా చేదుగా రావడానికి ఇదొక కారణం.

7. చల్లని దశలో చేర్పు:

ఐదవ చేర్పును డ్రై హాపింగ్ అంటారు. ఇక్కడ వేడి లేదు కనుక ఐసో ఆల్ఫా ఆమ్లాలు దాదాపు ఏర్పడవు. సుగంధ తైలాలు నేరుగా బీరులోకి దిగుతాయి. కిణ్వనం ఉధృతంగా ఉన్నప్పుడు వేస్తే, ఈస్ట్ జెరానియోల్‌ను సిట్రొనెల్లోల్‌గా మార్చడం వంటి మార్పులు జరిగి ఫలవాసన పెరుగుతుంది. కాని వెలువడే వాయువు కొంత వాసనను మోసుకుపోతుంది. కిణ్వనం ముగిసిన తరువాత వేస్తే హాప్స్ సహజ వాసన స్పష్టంగా నిలుస్తుంది. కాని మూత తెరిచినప్పుడు చేరే ఆక్సిజన్ ఆ వాసననే పాడుచేస్తుంది. కిణ్వనం చివరిదశలో, ఈస్ట్ ఇంకా చురుకుగా ఉండగానే చేర్చడం ఈ రెండింటికీ మధ్యేమార్గం.

గుళికల రూపంలోని హాప్స్ నుండి వాసన రెండు మూడు రోజుల్లోనే దిగుతుంది. వారాల తరబడి ఉంచితే పచ్చిగడ్డి వాసన, వగరు చేరతాయి. మరొక జాగ్రత్త కూడా అవసరం. హాప్స్‌లోని ఎంజైములు బీరులో మిగిలిన సంక్లిష్ట చక్కెరలను విడగొట్టడంవల్ల కిణ్వనం మళ్లీ మొదలవుతుంది. అది పూర్తికాకముందే సీసాలలో నింపితే ఒత్తిడి పెరిగి సీసాలు పగిలే ప్రమాదం ఉంది. సాంద్రత వరుసగా రెండు మూడు రోజులు మారకుండా ఉన్నదని నిర్ధారించుకున్నాకే సీసాలు నింపాలి.

8. ఫలితాన్ని రుచి ద్వారా గుర్తించడం:

చేర్పులో జరిగిన పొరపాటు వారాల తరువాత, బీరు గ్లాసులోకి వచ్చాక గాని తెలియదు. అప్పుడు దానిని సరిగా గుర్తించడానికి తెలుగులోని రుచుల విభజన సాయపడుతుంది. షడ్రుచులలో చేదు, వగరు వేర్వేరు. వేపపువ్వు చేదు, పచ్చి అరటికాయ వగరు అన్న భేదం తెలుగువారికి చిన్ననాటినుంచీ తెలిసినదే. బీరులోనూ ఈ రెండింటి మూలాలు భిన్నం. నాలుక వెనుకభాగాన నిలిచే చేదు అధికమైతే ఆరంభ చేర్పును తగ్గించాలి, లేదా వోర్ట్‌ను త్వరగా చల్లార్చాలి. నోరు పిడచకట్టే వగరు అయితే, అది ఆకుపదార్థంలోని పాలీఫినాల్స్ వల్ల కావచ్చు. డ్రై హాపింగ్ వ్యవధిని తగ్గించాలి. చేదు సరిగా ఉండి వాసన మాత్రమే లోపిస్తే, హాప్స్ బరువు పెంచడానికి ముందు చేర్పు సమయాన్ని వెనక్కు జరపాలి. వాసన ఉండి కూడా త్వరగా మాసిపోతుంటే ఆక్సిజన్‌ను అనుమానించాలి.

9. ముగింపు:

పై చర్చను బట్టి హాప్స్ చేర్పు సమయం కేవలం వంటక సంప్రదాయం కాదని, ఆల్ఫా ఆమ్లాలు, సుగంధ తైలాల పరస్పర విరుద్ధ స్వభావాలపై ఆధారపడిన నిర్ణయమని తెలుస్తున్నది. ఒకే చేర్పు నుండి చేదును, సువాసనను పూర్తిగా పొందడం సాధ్యం కాదు. చేదుకు మాగ్నమ్ వంటి రకాన్ని ఆరంభంలో కొద్దిగా, సువాసనకు కాస్కేడ్ వంటి రకాన్ని చివరి పది నిమిషాలలోను, మరుగు ముగిశాక, కిణ్వనం చివరిదశలో ఉదారంగా వాడటం అమెరికన్ పేల్ ఏల్ స్వభావానికి తగిన పద్ధతి. సూత్రం ఇచ్చే అంకెలు అంచనాలే. ప్రతి తయారీలో ఒక్క చేర్పును మాత్రమే మార్చి, ఫలితాన్ని నమోదు చేసుకుంటూ పోతే, ఆ అంచనాలు తయారీదారు స్వంత పాత్రకు, స్వంత రుచికి తగిన కొలతలుగా స్థిరపడతాయి.