విద్యా మార్గదర్శకత్వం (ఉన్నత విద్య)

విద్యా మార్గదర్శకత్వం అనగా కళాశాలలో లేదా విశ్వవిద్యాలయంలో చదివే విద్యార్థికి కోర్సుల ఎంపిక, పరీక్షల నిబంధనలు, పై చదువులకు కావలసిన అర్హతలు మొదలైన విషయాలలో ఒక అధ్యాపకుడు లేదా శిక్షణ పొందిన సలహాదారు, చదువు సాగినంతకాలం సలహా ఇస్తూ ఉండే ఏర్పాటు. ఉద్యోగ సమాచారం అందించడం, మానసిక సమస్యలకు చేసే కౌన్సెలింగు దీనికి దగ్గరివే గాని ఇవి వేరు. తెలుగునాట "కౌన్సెలింగు" అనగానే ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) తరువాత సీట్లు కేటాయించే కార్యక్రమం గుర్తుకు వస్తుంది కనుక ఈ తేడాను ప్రత్యేకంగా చెప్పవలసి వస్తున్నది. సీటు కేటాయించడంతో ఆ కౌన్సెలింగు ముగుస్తుంది. ఈ వ్యాసంలోని విషయం ఆ తరువాతి సంవత్సరాలకు సంబంధించినది. ఉదాహరణలు ఎక్కువగా హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయం, దానిని ఆనుకొని ఉన్న తార్నాక ప్రాంతం నుండి తీసుకొనబడినవి.

చరిత్ర

అందరూ ఒకే పాఠ్యక్రమం చదివిన కాలంలో ఇటువంటి సలహా అవసరం అంతగా ఉండేది కాదు. 1869లో హార్వర్డు విశ్వవిద్యాలయ అధ్యక్షుడైన చార్లెస్ ఎలియట్ విద్యార్థులు తమకు నచ్చిన విషయాలను ఎంచుకొనే పద్ధతిని విస్తరించాడు. ఎంపిక పెరిగిన కొద్దీ సలహా చెప్పేవారి అవసరమూ పెరిగింది. అమెరికాలోనే జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం 19వ శతాబ్దం చివరి భాగంలో అధ్యాపక సలహాదారుల పద్ధతిని ప్రవేశపెట్టింది. 1972లో బర్న్స్ క్రూక్‌స్టన్ అనే విద్యావేత్త, సలహా ఇవ్వడం కూడా బోధనలో భాగమేనని వాదించాడు. ఏ కోర్సు తీసుకోవాలో చెప్పి పంపించడం కంటే, విద్యార్థి తనంతట తాను నిర్ణయించుకొనేలా చేయడం మేలని అతని అభిప్రాయం.

భారతదేశంలో రాధాకృష్ణన్ కమిషన్ (1948–49) ట్యుటోరియల్ తరగతులను బలపరచాలని సూచించింది. కొఠారీ కమిషన్ (1964–66) ప్రతి వెయ్యిమంది విద్యార్థులకు కనీసం ఒక సలహాదారు ఉండాలని సిఫారసు చేసింది. ఇది చాలా తక్కువ కోరిక. అయినా అనేక కళాశాలలలో ఇది కూడా నెరవేరలేదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. 1919 ఆగస్టులో గన్‌ఫౌండ్రీ దగ్గరి ఒక భవనంలో తరగతులు మొదలైనపుడు 225 మంది విద్యార్థులు, 25 మంది అధ్యాపకులు ఉండేవారు. అంటే ఒక్కొక్క అధ్యాపకునికి తొమ్మిదిమంది విద్యార్థులు. అంత చిన్న సంస్థలో సలహా కోసం వేరే ఏర్పాటు అక్కరలేదు. 1939లో ఆర్ట్స్ కళాశాల భవనం ప్రారంభమైన తరువాతి దశాబ్దాలలో విశ్వవిద్యాలయం ఎంతో పెరిగింది. అధ్యాపక నియామకాలు ఆ వేగంతో సాగలేదు సరికదా, 2020ల తొలి సంవత్సరాలనాటికి మంజూరైన పోస్టులలో సగానికి పైగా ఖాళీగా ఉన్నాయి.

ఎంపిక పద్ధతి తెచ్చిన చిక్కులు

2015లో యు.జి.సి. ఎంపిక ఆధారిత క్రెడిట్ పద్ధతికి (సి.బి.సి.ఎస్.) మార్గదర్శకాలు వెలువరించింది. తెలంగాణ విశ్వవిద్యాలయాలలో ఇది 2016–17 నుండి డిగ్రీ స్థాయిలో అమలైంది. డిగ్రీ ప్రవేశాలకు "దోస్త్" అనే ఆన్‌లైన్ పద్ధతి కూడా 2016లోనే వచ్చింది. ఈ విధానంలో సెమిస్టరు పొడవునా వారానికి ఒక గంట పాఠం లేదా రెండు గంటల ప్రయోగం ఒక క్రెడిట్‌గా లెక్కిస్తారు. కోర్ విషయాలు, ఐచ్ఛికాలు, నైపుణ్య కోర్సులు వేరువేరుగా ఉంటాయి. అంతకుముందు బి.జెడ్.సి. లేదా ఎం.పి.సి. అని ఒక్క మాటలో తేలిపోయిన విషయం ఇప్పుడు అనేక చిన్న నిర్ణయాలుగా మారింది.

ఒక్కొక్క నిర్ణయం చిన్నదిగా కనిపించినా దాని ఫలితం రెండు మూడేళ్ల తరువాత బయటపడుతుంది. డిగ్రీలో రసాయన శాస్త్రం లేని విద్యార్థికి ఎం.ఎస్సీ. రసాయన శాస్త్రంలో ప్రవేశం దొరకదు. గణితానికీ అంతే. బి.ఎడ్.లో ఏ మెథడాలజీ లభిస్తుందో డిగ్రీలో చదివిన విషయాలను బట్టి ఉంటుంది, ఆ తరువాత డి.ఎస్.సి.లో ఏ ఉపాధ్యాయ పోస్టుకు దరఖాస్తు చేయవచ్చో దానిని బట్టి ఉంటుంది. అధ్యాపక వృత్తికి అవసరమైన నెట్ పరీక్షకు పి.జి.లో 55 శాతం మార్కులు కావాలి (ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతులు, వికలాంగులకు 50 శాతం). ఎం.ఏ. పూర్తయి 53 శాతం వచ్చిన తరువాత ఈ సంగతి తెలుసుకున్న జనరల్ విద్యార్థికి దానివలన ప్రయోజనం లేదు. ఈ సంగతులు ఏవీ రహస్యాలు కావు, అన్నీ నోటిఫికేషన్లలో ఉన్నవే. వాటిని సకాలంలో చెప్పేవారు లేకపోవడమే అసలు సమస్య.

తార్నాక పరిసరాలు

తార్నాక విశ్వవిద్యాలయ ప్రాంగణానికి తూర్పు వైపున ఉన్నది. జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐ.ఐ.సి.టి.) ఇక్కడే ఉన్నాయి. ఉప్పల్ దారిలో ఎన్.జి.ఆర్.ఐ., సి.సి.ఎం.బి. ఉన్నాయి. ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉస్మానియా ప్రాంగణాన్ని ఆనుకొనే ఉంది. 2017 నవంబరులో మెట్రో రైలు కూడా తార్నాక మీదుగా మొదలైంది. ఒక విద్యార్థికి ఇంతకంటే అనుకూలమైన చోటు దొరకడం కష్టం.

అయితే దగ్గరగా ఉండడం వేరు, దారి తెలియడం వేరు. ఎం.ఎస్సీ. విద్యార్థులను ప్రాజెక్టు కోసం జాతీయ పరిశోధనశాలలు తీసుకుంటాయని, దానికి విభాగాధిపతి లేఖ కావలసి ఉంటుందని, దేశంలోని మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తు వేసవి రాక ఎన్నో నెలల ముందే పంపాలని ఎవరైనా చెబితేగాని తెలియదు. జిల్లాల నుండి వచ్చి, ఇంటర్మీడియట్ వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇంట్లో మొదటిసారి విశ్వవిద్యాలయం మెట్టు ఎక్కినవారు ఇక్కడ చాలామంది ఉంటారు. వారికి హాస్టలు గదిలోని సీనియరే సలహాదారు. గ్రంథాలయం ముందు చెట్ల కింద గ్రూప్స్ పరీక్షలకు చదివే అన్నలు, అక్కలు ఉదారంగానే సాయపడతారు. కాని వారు చెప్పే నిబంధన తమ బ్యాచ్ నాటిది కావచ్చును. ఇక విదేశీ విద్యా కన్సల్టెన్సీల సలహా ఉచితమే గాని, వాటిలో చాలావాటికి కమీషన్ ఆ విదేశీ కళాశాలల నుండే వస్తుంది.

మెరుగుపరచే మార్గాలు

కాగితం మీద ఏర్పాట్లకు కొదవ లేదు. యు.జి.సి. 2019లో ప్రకటించిన "దీక్షారంభ్" కార్యక్రమం కొత్త విద్యార్థులను చిన్న బృందాలుగా చేసి ఒక్కొక్క బృందానికి ఒక అధ్యాపకుని మెంటర్‌గా ఉంచమంటుంది. యు.జి.సి. 2018 నిబంధనలు అధ్యాపకుని పనిగంటలలోనే విద్యార్థుల మెంటరింగుకు సమయం కేటాయించాయి. న్యాక్ కూడా మెంటర్లకు, విద్యార్థులకు మధ్య నిష్పత్తిని అడుగుతుంది. దీని ఫలితంగా అనేక కళాశాలలలో మెంటర్ రిజిస్టర్లు పుట్టుకొచ్చాయి. తనిఖీ బృందం రాబోయే వారంలో ఏడాది సంతకాలన్నీ ఒకేసారి పెట్టించే రిజిస్టరు ఉన్నా లేకపోయినా ఒకటే.

నిజంగా పనిచేసే పద్ధతి ఇంతకంటే సాదాగా ఉంటుంది. ప్రవేశం పొందిన రోజునే విద్యార్థికి తన సలహాదారు పేరు, గది, కలిసే వేళలు తెలియాలి. సెమిస్టరుకు రెండుసార్లయినా కలవడం తప్పనిసరి చేయాలి, ముఖ్యంగా ఐచ్ఛికాలు ఎంచుకొనే ముందు. చర్చించిన విషయం రెండు మూడు వాక్యాలలో రాసి ఉంచితే అధ్యాపకుడు మారినా మళ్లీ మొదటినుండి అడగనక్కరలేదు. అడగడానికి వచ్చే విద్యార్థి ఎలాగూ వస్తాడు. రానివాడిని గుర్తించడానికి హాజరుపట్టీ, మొదటి అంతర్గత పరీక్ష మార్కులు సరిపోతాయి. 75 శాతం హాజరు తప్పిందని పరీక్ష ఫీజు కట్టే రోజున చెప్పడం కంటే, నెల తిరిగేలోపు పిలిచి మాట్లాడడం మేలు. ఆ మాటలు తెలుగులో లేదా ఉర్దూలో సాగవచ్చు. ఆంగ్లంలో అడగలేకనే ఊరుకొనేవారు తక్కువమంది కాదు.

సలహాదారుకు హద్దులు కూడా ఉన్నాయి. నిద్రలేమి, నిరాశ, ప్రాణం తీసుకోవాలనే ఆలోచన వంటివి కనిపించినపుడు శిక్షణ పొందిన కౌన్సెలర్ వద్దకు పంపవలసిందే. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, వందమంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలని ఆదేశించింది. పరీక్షల సమయంలో, ఒక దశ నుండి మరొక దశకు మారేటప్పుడు విద్యార్థుల చిన్న బృందాలకు ప్రత్యేకంగా మెంటర్లను లేదా కౌన్సెలర్లను కేటాయించాలని కూడా పేర్కొన్నది. సగం పోస్టులు ఖాళీగా ఉన్న విభాగంలో ఈ మెంటర్లు ఎక్కడి నుండి వస్తారన్నది నియామకాలతో ముడిపడిన ప్రశ్న. అంతవరకు పరిశోధక విద్యార్థులకు కొంత శిక్షణ, కొద్దిపాటి గౌరవవేతనం ఇచ్చి, ప్రతి ఏడూ సరిచూసిన నిబంధనల పుస్తకం చేతికిస్తే, హాస్టలు గదులలో ఇప్పటికే నడుస్తున్న సలహా కనీసం తప్పులు లేకుండా అందుతుంది.